చేవెళ్ళ, మొయినాబాద్ గులాబీ తోటలు – చలి వలన పూత ఆలస్యం

చేవెళ్ళ, మొయినాబాద్ తెలంగాణ రాష్ట్రం, రంగారెడ్డి జిల్లాకు చెందిన రెండు మండలాలు. హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, బీజాపూర్ రహదారి వెంబడి ఉన్న ఈ ప్రాంతం కూరగాయలకు, పూలతోటలకు పేరు పొందింది. ఇక్కడ పండించే పూలలో గులాబి ముఖ్యమైనది. చలికాలపు చివరి వారాలలో ఉష్ణోగ్రత మామూలు కంటే తగ్గినప్పుడు ఈ తోటలలో పూత కొన్ని రోజులు, ఒక్కొక్కసారి రెండు వారాల వరకు వెనుకబడుతుంది. పూవు కోతకు వచ్చే రోజును బట్టి ధర మారిపోయే పంట కాబట్టి ఈ ఆలస్యం రైతు ఆదాయం మీద నేరుగా ప్రభావం చూపుతుంది. పూత ఎందుకు ఆలస్యమవుతుంది, దానివలన కలిగే లాభనష్టాలు ఏమిటి, రైతులు, పెరటి తోటల వారు పాటించదగిన పద్ధతులు ఏమిటి అనే విషయాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

ప్రాంత పరిచయం

చేవెళ్ళ, మొయినాబాద్ మండలాలు దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నది, దాని ఉపనది అయిన ఈసీ ఈ పరిసరాల గుండా తూర్పుగా ప్రవహిస్తాయి. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన పెద్ద వరద తరువాత, నగరాన్ని వరదల నుండి కాపాడటానికి, తాగునీటిని అందించటానికి నిజాం పాలనలో రెండు జలాశయాలు నిర్మించారు. మూసీపై ఉస్మాన్ సాగర్ (గండిపేట చెరువు) 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. మొయినాబాద్ మండలం ఈ రెండు జలాశయాల పరీవాహక ప్రాంతంలో ఉంది. చిలుకూరు బాలాజీ దేవాలయం కూడా ఈ మండలంలోనిదే.

జలాశయాల రక్షణ కోసం 1996 మార్చి 8న అప్పటి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన 111వ నంబరు ఉత్తర్వు 84 గ్రామాలలో పెద్ద నిర్మాణాలను, కాలుష్యం కలిగించే పరిశ్రమలను నిషేధించింది. నగరానికి ఇంత దగ్గరగా ఉండి కూడా ఈ భూములు చాలాకాలం వ్యవసాయంలో నిలవటానికి ఈ ఉత్తర్వు ఒక కారణం. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వు ద్వారా ఈ ఆంక్షలను సడలించింది. ఆ తరువాత భూముల ధరలు, వాటి వినియోగం ఈ ప్రాంతపు ముఖ్య చర్చనీయాంశాలుగా మారాయి.

ఇక్కడి నేలల్లో ఎర్ర చెలకలు, నల్లరేగడులు రెండూ ఉన్నాయి. నీరు నిలవని ఎర్ర చెలక నేలలు గులాబికి అనుకూలం. సాగునీటికి ప్రధాన ఆధారం బోరుబావులు. బిందు సేద్యం విస్తృతంగా వాడుకలో ఉంది.

సాగు చేసే గులాబీలు

గులాబి రోజేసి కుటుంబానికి చెందిన మొక్క. ఈ పేరు పారశీక భాషలోని గుల్ (పువ్వు), ఆబ్ (నీరు) అనే పదాల నుండి వచ్చింది. మొదట పన్నీటికి ఉన్న పేరు క్రమంగా పువ్వుకు స్థిరపడింది. తెలుగులో రోజా అనే పేరు కూడా వాడుకలో ఉంది.

వ్యాపార రీత్యా ఇక్కడి గులాబీలను రెండు తరగతులుగా విభజించవచ్చు.

విడిపూలు: ఇవి ఆరుబయట పొలాలలో పెరుగుతాయి. కాడ లేకుండా కోసి, కిలోల లెక్కన అమ్ముతారు. దండలకు, దేవుని పూజకు, పెళ్ళి మండపాల అలంకరణకు వాడుతారు. దక్షిణ భారతదేశంలో ఎడ్వర్డ్, ఆంధ్ర రెడ్, గ్లాడియేటర్ వంటి రకాలు ఆరుబయలు సాగులో పేరు పొందాయి.

కాడపూలు: ఇవి ఎక్కువగా పాలీహౌస్‌లలో, అనగా ప్లాస్టిక్ పొర కప్పిన పందిళ్ళలో పెరుగుతాయి. పొడవైన కాడతో, మొగ్గ విచ్చీ విచ్చని దశలో కోసి, కట్టలు కట్టి అమ్ముతారు. భారతదేశపు పాలీహౌస్‌లలో తాజ్ మహల్, ఫస్ట్ రెడ్, గ్రాండ్ గాలా, నోబ్లెస్ వంటి రకాలు ప్రాచుర్యం పొందాయి. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ప్రభుత్వం పాలీహౌస్ నిర్మాణానికి 75 శాతం రాయితీ ప్రకటించటంతో నగర పరిసర మండలాలలో వీటి సంఖ్య పెరిగింది.

ఈ రెండు తరగతుల పూలకూ ప్రధాన విపణి హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు. తెల్లవారక ముందే పూలు అక్కడికి చేరాలి. పూల సాగుపై పరిశోధనలు చేసే కేంద్రం రాజేంద్రనగర్‌లో ఉంది.

భారతదేశంలో గులాబీ ప్రజననానికి బాటలు వేసినవారిలో వ్యవసాయ శాస్త్రవేత్త డా. బి.పి.పాల్ ప్రముఖుడు. గోధుమ పరిశోధనలో పేరు పొందిన ఈయన అనేక కొత్త గులాబీ రకాలను సృష్టించాడు. భారతదేశంలో గులాబీల గురించి ఈయన వ్రాసిన గ్రంథం 1966లో వెలువడింది.

వాతావరణం

దక్కనులో వసంతం ఐరోపా వసంతం వంటిది కాదు. ఐరోపాలో మంచు కరిగి మొక్కలు చిగురించే కాలమే వసంతం. అక్కడ గులాబి ప్రధానంగా జూన్ నెలలో పూస్తుంది. తెలంగాణలో ఉగాది నాటికే ఎండలు ముదురుతాయి. ఇక్కడ గులాబికి అనువైన కాలం అక్టోబరు నుండి మార్చి మొదటి వారాల వరకు. అందువలన అక్కడి "చలి వసంతం" అనే సమస్యకు ఇక్కడ సమానమైనది పుష్య, మాఘ మాసాలలో చలి తగ్గకపోవటం.

హైదరాబాదులో జనవరి నెల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత దాదాపు 29 డిగ్రీల సెల్సియస్, కనిష్ఠం దాదాపు 15 డిగ్రీలు. నగరంలో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. నగరం లోపల కాంక్రీటు, తారు రోడ్లు పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి వదులుతాయి. చేవెళ్ళ, మొయినాబాద్ వంటి బహిరంగ ప్రదేశాలలో ఆ వెచ్చదనం ఉండదు. మబ్బు లేని పొడి రాత్రులలో నేల వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. ఉత్తరాది నుండి పొడి చలిగాలులు వీచినప్పుడు ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోవటం కద్దు. పల్లపు పొలాలలో చల్లని గాలి నిలిచిపోవటం వలన మెరక పొలాల కంటే చలి ఎక్కువగా ఉంటుంది. ఒకే ఊరిలో రెండు తోటలు వేర్వేరు రోజులలో పూయటానికి ఇదొక కారణం.

పూత ఆలస్యం కావటానికి కారణాలు

గులాబి పూసే తీరు

చాలా అడవి గులాబీలు, కొన్ని పాత తోట గులాబీలు సంవత్సరానికి ఒక్కసారే పూస్తాయి. అత్తరుకు వాడే డమాస్కస్ గులాబి ఇందుకు మంచి ఉదాహరణ. దానికి చలికాలపు విశ్రాంతి అవసరం. చలి తీరిన తరువాతే పూత వస్తుంది. బల్గేరియాలోని కజన్లక్ లోయలో ఈ పూలు మే, జూన్ నెలలలో కోతకు వస్తాయి. ఉత్తర భారతదేశపు మైదానాలలో మార్చి, ఏప్రిల్ నెలలలో పూస్తాయి.

ఆధునిక గులాబీలు అలా కాదు. 18వ శతాబ్దం చివర చైనా గులాబీలు ఐరోపాకు చేరి, అక్కడి రకాలతో సంకరం చెందాయి. ఆ సంతతిలోనిదైన లా ఫ్రాన్స్ అనే రకాన్ని 1867లో ఫ్రాన్సుకు చెందిన గియ్యో విడుదల చేశాడు. దీనిని మొదటి హైబ్రిడ్ టీ గులాబిగా పరిగణిస్తారు. చైనా గులాబీల నుండి వచ్చిన ముఖ్య గుణం ఎడతెగకుండా పూయటం. మొక్కలో పూతను అణచి ఉంచే ఒక జన్యువు ఈ రకాలలో చెడిపోయి ఉందని 2012లో ప్రకటించిన పరిశోధన తెలిపింది. ఆ జన్యువు మధ్య మరొక జన్యుఖండం వచ్చి చేరటమే దీనికి కారణం. అణచివేసే శక్తి లేనందున ప్రతి కొత్త కొమ్మ చివరా మొగ్గ తొడుగుతుంది.

అందుచేత చేవెళ్ళ తోటలలోని గులాబి పూయటానికి చలి కోసం గాని, పగటి నిడివి మారటం కోసం గాని ఎదురు చూడదు. కొమ్మ కత్తిరించగానే కింది కన్ను మేల్కొంటుంది. చిగురు సాగి, దాని చివర మొగ్గ ఏర్పడి పువ్వవుతుంది. ఈ ప్రయాణానికి పట్టే కాలాన్ని నిర్ణయించేది ముఖ్యంగా ఉష్ణోగ్రత.

ఉష్ణోగ్రత లెక్క

మొక్క పెరుగుదలను లెక్కించటానికి శాస్త్రవేత్తలు "ఉష్ణ దినాలు" అనే కొలమానాన్ని వాడుతారు. ఒక రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతల సగటు నుండి, పెరుగుదల ఆగిపోయే ఉష్ణోగ్రతను తీసివేస్తే ఆ రోజు మొక్కకు దక్కిన ప్రమాణాలు వస్తాయి. గులాబికి ఆ అడుగు హద్దు సుమారు 5 డిగ్రీలు. కత్తిరింపు నుండి కోత వరకు ఒక రకానికి కావలసిన ప్రమాణాల మొత్తం దాదాపు స్థిరంగా ఉంటుంది.

ఉదాహరణకు ఒక తోటలో మామూలు జనవరి వాతావరణంలో కత్తిరింపు నుండి కోతకు 45 రోజులు పడుతుందని అనుకుందాము. పగలు 29, రాత్రి 15 డిగ్రీలు ఉంటే సగటు 22. రోజుకు దక్కేవి 17 ప్రమాణాలు. 45 రోజులకు మొత్తం 765. ఇప్పుడు చలి పెరిగి పగలు 27, రాత్రి 9 డిగ్రీలు ఉంటే సగటు 18. రోజుకు దక్కేవి 13 మాత్రమే. దీని ప్రకారం:

* చలి 10 రోజులు ఉంటే 40 ప్రమాణాలు తగ్గుతాయి. పూత రెండు, మూడు రోజులు ఆలస్యమవుతుంది.
* చలి 20 రోజులు ఉంటే 80 ప్రమాణాలు తగ్గుతాయి. పూత దాదాపు ఐదు రోజులు ఆలస్యమవుతుంది.
* చలి మొదటి నుండి చివరి దాకా ఉంటే 765 ప్రమాణాలు చేరటానికి 59 రోజులు పడుతుంది. ఆలస్యం రెండు వారాలు.

ఇది విషయం అర్థం కావటానికి చేసిన లెక్క మాత్రమే. రకాన్ని బట్టి, నేలను బట్టి, మొక్క వయసును బట్టి అంకెలు మారుతాయి. వేసవిలో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిన తరువాత ఈ లెక్క నేరుగా పనికిరాదు. ఎందుకంటే అధిక వేడి కూడా పెరుగుదలను దెబ్బతీస్తుంది. ఈ లెక్కలో గమనించవలసినది ఏమనగా, వార్తలకెక్కే పది రోజుల చలిగాలి వలన పూత మరీ ఎక్కువగా వెనుకబడదు. అంతగా ఎవరూ పట్టించుకోని, నెల పొడవునా కొనసాగే ఓ మోస్తరు చలి వలన ఎక్కువ ఆలస్యం జరుగుతుంది.

ఇతర కారణాలు

పూత ఆలస్యమైన ప్రతిసారీ చలినే నిందించటం సరికాదు. కింది కారణాలు కూడా ఉండవచ్చు.

* ఆలస్యపు కత్తిరింపు: వానలు అక్టోబరు చివరి వరకు సాగితే కత్తిరింపు వెనుకబడుతుంది. పూత కూడా అన్ని రోజులు వెనుకకు పోతుంది.
* వెలుతురు తక్కువ కావటం: మబ్బులు, పొగమంచు, మురికి పట్టిన ప్లాస్టిక్ పొర వలన మొక్కకు అందే వెలుతురు తగ్గుతుంది. చలి, తక్కువ వెలుతురు కలిసినప్పుడు కొమ్మ చివరి మొగ్గ చిన్నతనంలోనే ఎండిపోతుంది. అటువంటి కొమ్మ ఆకులతో ఆగిపోతుంది, పూయదు.
* నత్రజని ఎక్కువ కావటం: ఆకు దట్టంగా పెరిగి పూత తగ్గుతుంది.
* వేరుమొక్క చిగుళ్ళు: గులాబిని సాధారణంగా మరొక మొండి జాతి వేరుమొక్కపై కన్ను అంటు కడతారు. అంటు కింది నుండి వచ్చే చిగుళ్ళను తీసివేయకపోతే అవి పై రకాన్ని అణచివేస్తాయి. పెరటి తోటలలో "మొక్క ఏపుగా ఉంది, పూయటం లేదు" అనే ఫిర్యాదుకు తరచుగా ఇదే కారణం.
* వేర్ల చల్లదనం: నేల చల్లబడినప్పుడు వేర్లు భాస్వరం, ఇనుము వంటి పోషకాలను తక్కువగా తీసుకుంటాయి. లేత ఆకులు పసుపు రంగుకు మారుతాయి. ఎరువు వేసినా వెంటనే ఫలితం కనిపించదు.

చలిలో పూసిన పువ్వు

చలి పూతను ఆలస్యం చేస్తుంది గాని పువ్వును చెడగొట్టదు. చల్లని వాతావరణంలో మొగ్గ నెమ్మదిగా ఎదుగుతుంది కాబట్టి పువ్వు పెద్దదిగా, రేకలు దట్టంగా ఉంటాయి. ఎరుపునిచ్చే వర్ణద్రవ్యాలు చలిలో ఎక్కువగా తయారవుతాయి. అందువలన రంగు ముదురుగా ఉంటుంది. కాడ కూడా బలంగా ఉంటుంది. చలి మరీ ఎక్కువైనప్పుడు మాత్రం కొన్ని రకాలలో రేకల సంఖ్య మితిమీరి, మొగ్గ పైభాగం చదునుగా మారి, పువ్వు సరిగా విచ్చదు. ఇటువంటి మొగ్గలకు మార్కెట్టులో విలువ తక్కువ.

చలి రాత్రులు, వెచ్చని పగళ్ళు కలిసి వచ్చినప్పుడు బూడిద తెగులు విజృంభిస్తుంది. లేత ఆకులపై, మొగ్గల మెడపై తెల్లని పొడి కనిపిస్తుంది. నీటిలో కరిగే గంధకాన్ని పిచికారీ చేయటం దీనికి పాత, చవకైన నివారణ. ఎండ తీవ్రంగా ఉన్న వేళ గంధకం చల్లితే ఆకులు మాడుతాయి కాబట్టి ఉదయం లేదా సాయంత్రం చల్లటం మంచిది. పాలీహౌస్‌లో మంచు బిందువులు ఆకులపై నిలిస్తే బూజు తెగుళ్ళు కూడా వస్తాయి.

ఆలస్యం వలన లాభనష్టాలు

ఇంగ్లండు వంటి దేశాలలో పూత ఆలస్యమైతే పువ్వు వేసవి ఆరంభపు సుఖకరమైన వాతావరణంలోకి విచ్చుకుంటుంది. 2013లో బ్రిటన్ 1962 తరువాత అత్యంత చల్లని వసంతాన్ని చూసింది. తోటలన్నింటా పూత వెనుకబడింది. అయినా ఆలస్యంగా వచ్చిన పువ్వుకు అక్కడి వాతావరణం వలన కీడు జరగదు. చేవెళ్ళలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇక్కడ ఫిబ్రవరిలో విచ్చవలసిన పువ్వు మార్చి నెలకు జారితే ఎండ పాలవుతుంది. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటినప్పుడు మొగ్గ తొందరగా విచ్చుతుంది, చిన్నదవుతుంది, రేకల అంచులు మాడుతాయి. తామర పురుగులు, నల్లి పెరుగుతాయి. ఆలస్యమైన పూత సమయాన్నే కాక నాణ్యతను కూడా కోల్పోతుంది.

ధరల విషయంలో పంచాంగం పాత్ర పెద్దది. పుష్యమాసాన్ని శూన్యమాసంగా భావించి చాలామంది ఆ నెలలో పెళ్ళిళ్ళు చేయరు. సంక్రాంతి పండుగ దాటిన తరువాత మాఘమాసం రాగానే ముహూర్తాలు మొదలవుతాయి. కనుక పుష్యంలో కోతకు రావలసిన విడిపూలు చలి వలన మాఘానికి జరిగితే రైతుకు ఒక్కొక్కసారి మేలే జరుగుతుంది. మాఘంలోనే గురు, శుక్ర మూఢాలు వచ్చిన సంవత్సరాలలో ఈ లెక్క తారుమారవుతుంది. మహాశివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి పండుగలకు కూడా పూల గిరాకీ ఉంటుంది.

కాడపూల విషయం వేరు. వీటికి ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ ధర ఫిబ్రవరి 14న జరుపుకునే ప్రేమికుల రోజు ముందు రోజులలో లభిస్తుంది. ఎర్ర గులాబీల ధర ఆ వారంలో బాగా పెరిగి, 15వ తేదీకి పడిపోతుంది. హైదరాబాదు విపణికి పూలు 10 నుండి 13వ తేదీ లోపల కోయాలి. ఈ నాలుగు రోజుల గడువు ముందు, పైన చెప్పిన "రెండు, మూడు రోజుల" ఆలస్యం చిన్నది కాదు. బెంగళూరు, హోసూరు ప్రాంతాల నుండి వచ్చే కాడపూలతో పోటీ కూడా ఉంటుంది. స్థానిక తోట ఆలస్యమైతే ఆ ఖాళీని బయటి పూలు నింపుతాయి.

పువ్వు నిలవ ఉండని సరుకు. 2020 మార్చి 25న కోవిడ్-19 కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు దేవాలయాలు, పెళ్ళిళ్ళు, మార్కెట్లు ఒక్కసారిగా నిలిచిపోయాయి. పూల రైతులు కోసిన పూలను పారవేయవలసి వచ్చింది. ఆ యేడు పూత ముందుగా వచ్చిన తోటల వారికి కొంత ఆదాయం దక్కింది. మార్చి చివరి వారానికి పూత జరిగిన తోటల వారికి ఏమీ మిగలలేదు.

యాజమాన్య పద్ధతులు

కత్తిరింపు

ఆరుబయలు గులాబిలో ప్రధాన కత్తిరింపు వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరు, నవంబరు నెలలలో చేస్తారు. ఎండిన, తెగులు సోకిన, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను తొలగిస్తారు. బలమైన కొమ్మలను బయటి వైపు చూస్తున్న కన్నుకు కొద్దిగా పైన, ఏటవాలుగా కోస్తారు. కోసిన చోట బోర్డో పేస్టు లేదా కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూస్తే కొమ్మ ఎండు తెగులు రాదు. కత్తిరించిన 45 నుండి 50 రోజులకు పూత వస్తుంది.

ఒక నిర్ణీత తేదీకి పూలు కావలసినప్పుడు ఆ తేదీ నుండి వెనుకకు లెక్కించాలి. ఫిబ్రవరి రెండవ వారపు కోతకు మామూలు సంవత్సరంలో డిసెంబరు నాలుగవ వారంలో కొమ్మలు కత్తిరిస్తే సరిపోతుంది. చలి ఎక్కువగా ఉండే పల్లపు తోటలలో డిసెంబరు మూడవ వారంలోనే కత్తిరించటం క్షేమం. ఎందుకంటే ముందుగా వచ్చిన కాడపువ్వును 2 నుండి 4 డిగ్రీల శీతల గదిలో కొన్ని రోజులు నిలువ ఉంచవచ్చు. వెనుకబడిన మొగ్గను తొందరపెట్టటానికి మాత్రం మార్గం లేదు. రెండు తప్పులలో ముందు రావటమే చిన్న తప్పు.

తోట మొత్తాన్ని ఒకే రోజు కత్తిరించక, నాలుగైదు రోజుల ఎడంతో విడతలుగా కత్తిరించటం మరొక జాగ్రత్త. చలి ఎలా ఉన్నా ఏదో ఒక విడత సరైన సమయానికి అందుతుంది. కూలీల మీద ఒత్తిడి కూడా తగ్గుతుంది.

మొగ్గ దశను గమనించటం

మొగ్గ బఠాణీ గింజంత పరిమాణంలో కంటికి కనిపించే సమయానికి కత్తిరింపు నుండి కోతకు పట్టే కాలంలో సగానికి పైగా గడిచినట్లు భావించవచ్చు. అప్పటి నుండి కోతకు సుమారు రెండు నుండి మూడు వారాలు పడుతుంది. ఈ దశను గుర్తించి తేదీ వేసుకుంటే కోత రోజును ముందుగా అంచనా వేయవచ్చు. దీనిని బట్టి వ్యాపారితో మాట్లాడుకోవటానికి, కూలీలను కుదుర్చుకోవటానికి వీలు కలుగుతుంది.

చలి నుండి రక్షణ

గడ్డకట్టే చలి ఈ ప్రాంతంలో ఉండదు. కాబట్టి మొక్కను బతికించుకోవటం సమస్య కాదు, దాని వేగం తగ్గకుండా చూడటమే సమస్య. ఇందుకు ఈ కింది పద్ధతులు ఉపయోగపడతాయి.

* పాలీహౌస్ పక్క తెరలను సాయంత్రం ఎండ ఉండగానే దించితే పగటి వేడి కొంత నిలుస్తుంది. వేడిచేసే ఏర్పాటు లేని పందిళ్ళలో తెల్లవారుజాముకు లోపలి ఉష్ణోగ్రత బయటి ఉష్ణోగ్రతకు దగ్గరగా వస్తుంది కాబట్టి దీనిమీదనే పూర్తిగా ఆధారపడరాదు.
* ఉదయం ఎండ రాగానే తెరలు ఎత్తి తేమను బయటకు పంపాలి. లేకపోతే తెగుళ్ళు వస్తాయి.
* పందిరి ప్లాస్టిక్ పొరను చలికాలానికి ముందు కడిగితే వెలుతురు పెరుగుతుంది.
* బోరు నీరు చలికాలపు ఉదయాలలో గాలి కంటే వెచ్చగా ఉంటుంది. తొట్టెలో రాత్రంతా నిలువ ఉంచి చల్లబడిన నీటి కంటే, అప్పుడే తోడిన నీటిని ఉదయం ఎండ వచ్చిన తరువాత పారించటం మేలు. సాయంత్రం నీరు పెడితే నేల, ఆకులు రాత్రంతా తడిగా ఉంటాయి.
* చలి రోజులలో నత్రజని ఎరువులను పెంచరాదు. వేర్లు తీసుకోలేని ఎరువు నేలలో వృథా అవుతుంది.
* పూయకుండా ఆగిన కొమ్మలను బలమైన కన్ను వరకు వెనుకకు తుంచితే కొత్త చిగురు వస్తుంది.

పెరటి తోటలు

ఇంటి ముందు నాలుగు కుండీలలో గులాబీలు పెంచేవారికి మార్కెట్టు చింత ఉండదు. వీరు కుండీలను తూర్పు లేదా దక్షిణ దిక్కున, రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ తగిలే చోట ఉంచాలి. ఎండ తగిలే గోడ పక్కన ఉన్న కుండీ రాత్రి కూడా కొంత వెచ్చగా ఉంటుంది. జనవరిలో మొగ్గలు కదలటం లేదని ఎరువులు కుమ్మరించటం, రోజుకు రెండుసార్లు నీరు పోయటం మంచిది కాదు. చలి తగ్గగానే మొగ్గలు వాటంతట అవే కదులుతాయి. వాడిన పువ్వును కింద ఉన్న మొదటి ఐదు రెక్కల ఆకు పైన తుంచివేస్తే తరువాతి పూత త్వరగా వస్తుంది.

ఇతర ప్రాంతాలతో పోలిక

17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్న చేవెళ్ళలో డిసెంబరులోని అతి చిన్న పగలు కూడా సుమారు 11 గంటలు ఉంటుంది. లండనులో అది 8 గంటల కంటే తక్కువ. అందుచేత చల్లని దేశాలలో చలికాలపు గులాబికి వేడితో పాటు కృత్రిమ వెలుతురు కూడా కావాలి. దక్కనులో వెలుతురు సమృద్ధిగా ఉంటుంది, చలి మితంగా ఉంటుంది. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఇక్కడ ఖరీదైన ఏర్పాట్లు లేకుండానే మేలైన పువ్వు పండటానికి కారణం ఇదే. ఈ అనుకూలత సంవత్సరంలో నాలుగు, ఐదు నెలలకే పరిమితం కావటం వలన ఒక్కొక్క పూతకు విలువ ఎక్కువ. చలి వలన ఒక పూత రెండు వారాలు వెనుకబడితే దాని తరువాతి పూత కూడా అంత మేరకు వెనుకబడి, మంచి కాలం ముగిసేలోగా రావలసిన పూతలలో ఒకటి తగ్గిపోవచ్చు. ఈ నష్టం ఒక్క రోజు ధర చూస్తే తెలియదు. ఏడాది చివర మొత్తం కోతను లెక్క చూసుకున్నప్పుడే తెలుస్తుంది. కత్తిరించిన తేదీ, మొగ్గ కనిపించిన తేదీ, మొదటి కోత తేదీ, ఆ రోజుల గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు ప్రతి యేడూ ఒక పుస్తకంలో వ్రాసి ఉంచుకున్న రైతుకు రెండు, మూడు సంవత్సరాలలో తన తోటకు సరిపడే సొంత లెక్క ఏర్పడుతుంది.